కలక అనుకున్నాను

జూలైలో మొదలయింది. ఆ నెలలో మా చీపురుపల్లిలో ఇంటికొకరికి కళ్ళకలక. బడిపిల్లలకు, స్టేషను బయట జామకాయలమ్మే ఆవిడకు, చర్చిలో నా పక్కన కూర్చునే మరియమ్మగారికి, అందరికీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఒక ఆదివారం పొద్దున నా ఎడమ కన్ను ఎర్రబడితే నాకూ అంటుకుందనుకున్నాను. నేను ఏఎన్ఎంని. పదహారేళ్ళుగా పల్లెలు తిరిగి గర్భిణులను చూస్తూ, పసిపిల్లలకు టీకాలు వేస్తూ బతికినదాన్ని. కలక వస్తే ఏం చెయ్యాలో ఊరందరికీ చెప్పే మనిషిని. అలాంటిదాన్ని నా కన్ను దగ్గరే పొరబడ్డాను. ఎర్రకన్నుతో ఇంట్లో కూర్చుని మందుల షాపు చుక్కలు వేసుకుంటున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. రాస్తే గుండె కాస్త కుదుటపడుతుందని మా అమ్మాయి చెప్పింది.

కలకయితే పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అతుక్కుంటాయి, దురద పుడుతుంది. నాకు ఇవేవీ లేవు. కనుగుడ్డు వెనక ఎవరో బొటనవేలితో అదుముతున్నట్టు నొప్పి. వెలుతురు చూస్తే నీళ్ళు కారేవి. వంటింట్లో లైటు వెయ్యనిచ్చేదాన్ని కాదు. కిటికీకి పాత దుప్పటి కట్టుకున్నాను. తేడా నాకు తెలియకపోలేదు. తెలిసినదాన్ని పక్కకు నెట్టేశాను.

మా ఆయన ప్రభుదాసు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేస్తారు. నేను బాధపడటం చూడలేక డ్యూటీ దిగి వస్తూ షాపులో చుక్కల మందు తెచ్చారు.

"ఇదేస్తే రెండ్రోజుల్లో తగ్గిపోతాదన్నాడే షాపాయన. ఎయ్యి, సూద్దాం," అన్నారు.

పెట్టె మీది పేరు చదివాను. అందులో స్టెరాయిడు ఉందని నాకు తెలుసు. డాక్టరు చూడకుండా కంట్లో వెయ్యకూడదనీ తెలుసు. అయినా వేసుకున్నాను. రెండో రోజుకే ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది. "సెప్పినానా?" అని మా ఆయన మురిసిపోయారు. వారం తిరక్కుండా చుక్కలు ఆపేశాను.

ఆగస్టు రెండో వారంలో మళ్ళీ వచ్చింది. ఇంకో సీసా, మళ్ళీ తగ్గింది. సెప్టెంబరులో ఇంకోటి. అప్పుడు మాత్రం ఎరుపు పోయింది గానీ చూపు తిరిగి రాలేదు. ఎడమ కంటికి అన్నీ మసక. స్నానాల గదిలో ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుండేది. దోమల్లాంటి నల్లటి చుక్కలు ఎటు చూస్తే అటు ఈదేవి.

మొదట చర్చిలో దొరికిపోయాను. పాటల పుస్తకంలో అక్షరాలు కలిసిపోయి, అలవాటు కొద్దీ పాడుతూ మూడో చరణంలో తప్పాను. ఆరాధన అయ్యాక మరియమ్మగారు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు.

"సువార్తా, రెండు నెల్లుగా సూస్తన్నాను, నీ మొగం మొగంలా లేదు. మనసులో ఏటైనా ఉంటే దేవుడి దగ్గర ఒప్పీసుకో తల్లీ. తేలికవుతాది."

ఆమె మంచికే అన్నది. నాకు మాత్రం అది ముల్లులా దిగింది. ఒప్పుకోవాల్సింది నా దగ్గర నిజంగానే ఉంది.

ప్రతి టీకా సీసా మీద ఒక చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. దాని మధ్యలో నలుచదరపు గడి. గడి తెల్లగా ఉంటే మందు మంచిది. ఎండ తగిలో, ఐసు కరిగో మందు పాడయితే గడి నల్లబడుతుంది, అప్పుడు పారెయ్యాలి. పదహారేళ్ళలో ఆ గడిని ఎన్ని వేలసార్లు చూశానో. సెప్టెంబరు నెలలో ఒక బుధవారం సీసాను ఎంత దగ్గరగా పెట్టుకున్నా అది తెల్లదో నల్లదో తేలలేదు. కుడి కన్ను బాగానే ఉంది కదా అనవచ్చు. ఒక కంట్లో పొగ ఉంటే రెండో కంటి చూపు కూడా ఆ పొగలో కలుస్తుంది. ఎడమ కన్ను మూసుకుంటే ముద్ర కనిపిస్తుంది గానీ, సూది ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది.

సీసాను మా ఆశా కార్యకర్త అప్పలనరసమ్మ చేతికిచ్చాను.

"ఇది బాగుందా, సూసి సెప్పు."

ఆమె సీసా చూసింది, నన్నూ చూసింది. "బాగుంది సిస్టరమ్మా," అంది. ఆ రోజు నుంచి నేను అడగకుండానే ప్రతి సీసా తనే తీసి, "బాగుంది" అని చెప్పి నా చేతిలో పెట్టేది. సూదిలోకి మందు లాగాక, "గీత దాకా వచ్చినాది" అనేది. ఆమె చూపుతో నేను నెల రోజులు పని చేశాను.

ఇంట్లో మా ఆయనకు చెబితే ఆయన ముఖం పాలిపోయింది.

"ఎవులికీ సెప్పకు. కాంట్రాక్టు ఉద్యోగం నీది. కనపడ్డం లేదని తెలిస్తే అదే రోజు ఇంటికి పొమ్మంటారు."

"పసిపిల్లలండీ."

"నాను కాదన్నానేటి? రెండు వారాలు సూడు. తగ్గిపోతాది. కన్ను ఎర్రగా కూడా లేదు కదే. పైకి బాగానే ఉన్నాది."

ఈ జబ్బులో అదొక శాపం. పైకి బాగానే ఉంటుంది. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది, కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. నా కన్ను చూసినవాళ్ళు, "సెల్లు ఎక్కువ సూస్తన్నావేమో" అనేవారు. కొన్నాళ్ళకు నేనూ వాళ్ళ మాటే నమ్మాలనుకున్నాను.

అక్టోబరు మొదటి బుధవారం. చీపురుపల్లి అవతల ఒక ఊళ్ళో అంగన్‌వాడీ కేంద్రంలో టీకాలు. రెండు రోజులుగా కుడి కంట్లో కూడా ఆ బొటనవేలి నొప్పి మొదలయింది. ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్ళు కూడా లేని ఒక తల్లి ఇరవై రోజుల ఆడపిల్లను ఒళ్ళో పెట్టుకుని నా ముందు కూర్చుంది. తొలిచూలు. ఎడమ భుజం మీద క్షయ టీకా వెయ్యాలి. చర్మం పై పొరలోకే సూది పోవాలి. వెంట్రుకవాసి లోపలికి వెళ్ళినా పుండు పడొచ్చు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సూది ఆనించబోయాను. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి కనిపించింది. రెప్పలార్పి చూశాను. రెండు చేతులూ అలాగే ఉన్నాయి. ఏది నిజమైన చెయ్యో నాకు తెలియలేదు.

సూది వెనక్కి తీసేశాను.

"ఏటయింది సిస్టరమ్మా?" అంది ఆ తల్లి.

అప్పలనరసమ్మ చప్పున అందుకుంది. "సిస్టరమ్మకి ఒంట్లో బాగులేదమ్మా. వచ్చీ బుధోరం ఏయించుకుందురు గాని, ఎల్లండి."

ఆ మాటతో తప్పించుకోవచ్చు. ఆ గదిలో ఏడుగురు తల్లులున్నారు. కొందరి పెద్దపిల్లలకు కూడా నేనే టీకాలు వేశాను.

"ఒంట్లో కాదమ్మా, కళ్ళే," అన్నాను. "నాకు సరిగ్గా కనపడ్డం లేదు. సానాళ్ళనించి."

ఆ పిల్ల తల్లి బిడ్డను గుండెకు దగ్గరగా లాక్కుంది. ఆ లాక్కోవడం ఇప్పటికీ నా కళ్ళముందు మెదులుతుంది.

మధ్యాహ్నం మా ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి చెప్పాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. టార్చి వేసి నా కళ్ళు చూసింది.

"నల్లగుడ్డు గుండ్రంగా లేదు సిస్టర్. లోపల ఎక్కడో అతుక్కుపోయింది. ఎన్నాళ్ళ నుంచి?"

"జూలై నించి మేడమ్."

"టీకాలు వేస్తూనే ఉన్నారా?"

"ఏస్తూనే ఉన్నాను."

ఆమె టార్చి ఆర్పి బల్ల మీది రిజిస్టరు కేసి చూసింది. "రేపు పొద్దున్నే విశాఖ వెళ్ళండి. మిగతాది వచ్చాక మాట్లాడదాం."

ఆ రాత్రంతా కళ్ళకన్నా ఆ "మిగతాది" నన్ను ఎక్కువ బాధపెట్టింది.

విశాఖలో పెద్ద కంటాసుపత్రి. పేరు పిలిచేదాకా కూర్చోవడం, చుక్కలు వేయించుకుని మళ్ళీ కూర్చోవడం, యంత్రం మీద గడ్డం ఆనించి ఆ తెల్లటి వెలుతురు ఓర్చుకోవడం, మళ్ళీ కూర్చోవడం. నేను ఇన్నేళ్ళు జనాన్ని బెంచీల మీద కూర్చోబెట్టినదాన్ని, "కాస్త ఆగండి" అని వందసార్లు అన్నదాన్ని. ఆ మాట ఎంత పొడుగ్గా ఉంటుందో అక్కడ తెలిసింది. చుక్కలు పడ్డాక ఎదుటి మనుషులు రంగురంగుల మచ్చలయిపోయారు. మా ఆయన పరీక్షల కాగితాల కోసం వెళ్ళారు. పక్కనుంచి ఎండుచేపల వాసన, దాని వెనకే ఒక గొంతు.

"నీది ఏ కన్నమ్మా?"

"రెండూనమ్మా."

"నాకు ఒకటే మిగిలినాది."

ఆమె పేరు నూకాలమ్మ. శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డున ఇల్లు. భర్త పడవ మీద వేటకు వెళితే, ఆమె నరసన్నపేట సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఈ జబ్బుతో తొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది.

"ఇది జొరం లాటిది కాదమ్మా, వచ్చి పోడానికి. ఎల్లినట్టే ఎల్తాది, మళ్ళీ గుమ్మంలో కూకుంటాది. నాను మొదట్లో బాగయిపోనాదని మందు ఆపీసినాను. సంతకి ఎల్లకపోతే ఎలగ? ఆర్నెల్లు ఈ ఆసుపత్రి మొగం సూడలేదు. తిరిగొచ్చేతలికి ఈ కన్ను అయిపోనాది." నా వైపు జరిగి, "బయ్యమేస్తందా?" అని అడిగింది.

"ఏస్తందమ్మా."

"ఏస్తాది. బయ్యమున్నోలు మందు మానరు. ఉండనీ." ఆమె నా చేతిలో ఏదో పెట్టింది. తడిమి చూస్తే పిప్పరమెంటు బిళ్ళ. "సుక్కలేసినాక నోరు సేదవుతాది. సప్పరించు."

పెద్ద డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ఇది కలక కాదు. కంటి లోపలి పొరల్లో వాపు, యువైటిస్ అంటారు. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే కంటి మీద తిరగబడుతుంది. కారణం వెతుకుతారు, చాలామందిలో దొరకదు. పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా అని అడిగితే నాకు నవ్వొచ్చింది. ఇల్లూ ఉద్యోగమూ లాగే ఆడదానికి నడుం పట్టెయ్యని రోజు ఏది? ఆయన నవ్వలేదు, నడుం జబ్బుతో కూడా ఇది వస్తుందంటూ రాసుకున్నారు.

"షాపు చుక్కలు ఎన్ని సీసాలు వాడారు?"

"మూడు సార్."

"అవి నిప్పు మీద బూడిద కప్పాయమ్మా. లోపల రాజుతూనే ఉంది. ఇంకాస్త ముందు రావాల్సింది."

తిరుగు ప్రయాణంలో రైల్లో కిటికీ దగ్గర ఎండ భరించలేక నేను కొంగు కప్పుకుంటే, ఎదురుగా ఎవరో పెద్దావిడ లేచి తన చోటు నాకిచ్చింది. విజయనగరం దాటాక మా ఆయన నెమ్మదిగా అన్నారు.

"ఆ సుక్కలు నానే తెచ్చినాను కదే."

"తెలిసే ఏసుకున్నాను. మీదేటి తప్పు?"

ఆయన ముఖం అటు తిప్పుకున్నారు. నా కళ్ళకు ఆయన ఏడుస్తున్నారో లేదో తెలియలేదు. అడగలేదు.

మిగతాది తర్వాతి వారం వచ్చింది. నా చూపు మందగించిన రోజుల్లో నేను క్షయ టీకా వేసిన పిల్లలందరి పేర్లూ డాక్టరమ్మ రిజిస్టరులోంచి రాయించింది. ప్రతి ఇంటికీ వెళ్ళి భుజం చూడాలి. సరిగ్గా పడితే చిన్న పొక్కు లేచి మచ్చ అవుతుంది. లోతుగా పడితే గడ్డ కట్టి ఉండొచ్చు. సంజాయిషీ అడుగుతూ మెమో కూడా చేతికిచ్చింది.

"మీరు రానక్కర్లేదు సిస్టర్. కళ్ళు చూపించుకోండి. నేను వెళతాను."

"వస్తాను మేడమ్."

నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళాను. అట్రోపిన్ చుక్కలతో నల్లగుడ్లు పెద్దవై ఉన్నాయి, ఎండ కత్తిలా ఉంది. వాన లేకపోయినా అప్పలనరసమ్మ నా నెత్తి మీద గొడుగు పట్టుకుని మూడు రోజులు నడిచింది. ఒక్కో ఇంటి ముందు ఆగేవాళ్ళం. తల్లి బిడ్డ చొక్కా పైకి లాగుతుంది, డాక్టరమ్మ వంగి చూస్తుంది, నేను ఆమె నోటికేసి చూస్తూ నిలబడతాను. "బాగుంది." ఇంకో ఇల్లు. "బాగుంది."

ఒక్క మగపిల్లాడికి మచ్చ లేదు. డాక్టరమ్మ రెండు భుజాలూ తిప్పి చూసింది. కొందరు పిల్లలకు మచ్చ రాదని, దానివల్ల టీకా పనిచేయనట్టు కాదని, మళ్ళీ వెయ్యనక్కర్లేదని చెప్పింది. ఇప్పుడు ఎందుకు చూస్తున్నారని తల్లి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తల్లి నా వైపు తిరిగింది.

"కళ్ళు కనపడనప్పుడు ఊరకుండాల గాని, నా గుంటడి మీద సూసుకున్నావేటి? నీకు పిల్లల్లేరేటి?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"నీ తప్పు నాకెందుకు? ఆడికేటైనా అయితే?"

ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అప్పలనరసమ్మ ఏదో అనబోతే నేనే ఆపాను. ఆమె అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ పిల్లాడు బాగానే ఉన్నాడు. అయినా వాడికి దగ్గొచ్చిందని వింటే నాకు అన్నం దిగదు.

సంజాయిషీ నా చేత్తో రాయలేకపోయాను. మా అమ్మాయి గ్రేసి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నేను చెబుతుంటే అది రాసింది. సీసా మీది గడి కనిపించలేదని, ఇంకొకరి చేత చూపించుకుని మందు ఎక్కించానని, పై అధికారులకు చెప్పలేదని. కలం ఆగింది.

"ఇది కూడా రాయాలేటమ్మా?"

"రాయి."

రాసింది. నేను దానికి చెప్పని సంగతులు మా అమ్మాయి అలా తెలుసుకుంది.

నవంబరు, డిసెంబరు స్టెరాయిడు మాత్రల నెలలు. ముఖం పూర్ణకుంభంలా ఉబ్బింది. ఎంత తిన్నా ఆకలి, నిద్ర లేదు, ఉత్తపుణ్యానికి కోపం. మొదట్లో గంటకోసారి చుక్కలు వెయ్యాలి. గ్రేసి ఒక కాగితం మీద గడులు గీసి గోడకంటించి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టేది. ఒకరోజు చదువుకుంటూ పది నిమిషాలు మరిచిపోయింది. నేను చేతిలో ఉన్న స్టీలు గిన్నె విసిరికొట్టాను. అది గోడకు తగిలి దాని పుస్తకాల మీద పడింది. గ్రేసి ఏడవలేదు. గిన్నె తీసి పక్కన పెట్టి, చుక్కలు వేసి, టిక్కు పెట్టి, అప్పుడు అంది.

"నీ కళ్ళు పోతాయని నాకు బయ్యం లేదమ్మా. పోతే నాను సూసుకుంటాను. నువ్వు ఇలగే ఉండిపోతావేమోనని బయ్యంగా ఉన్నాది."

ఆ తర్వాత నాకు కోపం రావడం మానలేదు. వచ్చినప్పుడు మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పెరట్లో నేనేం చేసేదాన్నో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

జనవరిలో మాత్రలు తగ్గిస్తుంటే వాపు మళ్ళీ రేగింది. కంట్లో ఒత్తిడి కూడా పెరిగింది. విశాఖలో ఆ మాట విన్న రోజే నేను పూర్తిగా కూలబడ్డాను. విశాఖ నుంచి వస్తూ రైల్లో ఊళ్ళ బోర్డులన్నీ చదవడానికి ప్రయత్నించాను. గుడ్డిదాన్నయిపోతే గుర్తుండాలని. చాలా బోర్డులు చదవలేకపోయాను. డాక్టరుగారు వారానికోసారి వేసుకునే మాత్ర మొదలుపెట్టారు. అది పనిచేయడానికి నెలలు పడుతుందన్నారు, నెలనెలా రక్తపరీక్ష అన్నారు. ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. మా ఆయన సెలవు రోజుల్లో కూర తరిగేవారు, గుడ్డలు ఆరేసేవారు. మరియమ్మగారు ప్రతి శుక్రవారం వచ్చి బైబిలు చదివి వినిపించేవారు. ఒప్పుకోమని మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అంగన్‌వాడీ కేంద్రంలో జరిగింది ఆమెకు తెలుసు.

ఉద్యోగం పోలేదు. హెచ్చరిక ఇచ్చి, సూది పని తీసేశారు. ఇప్పుడు బుధవారాల్లో ఇంకో సిస్టరు వచ్చి టీకాలు వేస్తుంది. నేను పిల్లలను తూస్తాను, తల్లులతో మాట్లాడతాను. కన్నెర్రబడిన వాళ్ళను చూస్తే మాత్రం నేనే ఆపుతాను. పుసి లేకుండా నొప్పి ఉందా, వెలుతురు పడటం లేదా, మసకగా ఉందా అని అడుగుతాను. ఒక్కదానికి అవునన్నా షాపుకి వెళ్ళనివ్వను. కంటి డాక్టరు దగ్గరకే పంపిస్తాను. మందు మొదలుపెడితే చెప్పకుండా ఆపొద్దని నూకాలమ్మ మాట చెబుతాను.

మొన్న ఏప్రిల్లో డాక్టరుగారు యంత్రంలోంచి తల తీసి, "కళ్ళు రెండూ శాంతించాయమ్మా" అన్నారు. కుడిది పూర్తిగా బాగయింది. ఎడమదానిలో శుక్లం పొర మిగిలింది, ఇంకొన్నాళ్ళు ఇలాగే శాంతంగా ఉంటే ఆపరేషను గురించి ఆలోచిద్దామన్నారు. మా ఆయన సంతోషంతో ఆసుపత్రి క్యాంటీనులో నలుగురికి టీ ఇప్పించారు. నేనూ తాగాను. కానీ శాంతించడం అంటే పోవడం కాదని నాకిప్పుడు తెలుసు.

అందుకే రోజూ పొద్దున్న మంచం దిగకముందే ఒక పని చేస్తాను. కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఎదురు గోడ మీది క్యాలెండరు చూస్తాను. పైన పెద్దక్షరాలు, వాటి కింద నెల పేరు, ఆ కింద తేదీలు. ఎక్కడిదాకా కనిపిస్తుందో అక్కడ ఆగుతాను. ఇవాళ పొద్దున కూడా చూస్తున్నాను. వంటింట్లోంచి గ్రేసి గొంతు వినిపించింది.

"ఎంతవరకు కనపడినాదమ్మా?"

"మూడో వరస."

"నిన్న?"

"నిన్నా మూడే."

"అయితే లేచి రా. టీ సల్లారిపోతంది."

లేచి వెళ్ళాను.